కూలిన మాను బల్లగా మారాలంటే

వేసవి చివర్లో ఓ సాయంత్రం మబ్బు కమ్మి, దుమ్ము లేచి, అరగంట గాలివాన కొట్టిందంటే సికింద్రాబాద్‌లో ఏదో ఒక వీధిలో చెట్టు కూలడం ఖాయం. మారేడ్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి... ఏటా ఇదే వరస. 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఈ ఊరికి చెట్లే పెద్ద ఆస్తి. పాత బంగళాల ఆవరణల్లో చింతలు, వేపలు, మామిళ్లు, రోడ్ల పక్కన నిద్రగన్నేర్లు, తురాయిలు. వాటి కింద నేల మాత్రం చాలాచోట్ల లోతు లేనిది, రాతి మీద పల్చగా పరుచుకున్న మొరం. దానికి తోడు మొదలు దాకా సిమెంటు పోస్తాం, డ్రైనేజీ కోసమో కేబుల్ కోసమో వేళ్లు నరుకుతాం. అలా పట్టు తప్పిన చెట్టు గట్టి గాలికి నిలబడలేదు.

తెల్లారేసరికి సిబ్బంది మోటారు రంపాలతో వచ్చి దారి తెరిపిస్తారు. వాళ్లకి అప్పజెప్పిన పని అదే, దాన్ని చకచకా చేస్తారు. ఇద్దరు మనుషులు దొర్లించి లారీ ఎక్కించగలిగేలా మానును రెండడుగుల ముక్కలుగా కోస్తారు. ఆ కోతతోనే చెట్టు తలరాత తేలిపోతుంది. రెండడుగుల ముక్కలు చాలావరకు పొయ్యిలోకే పోతాయి. అదే మానును ఐదారడుగుల దుంగగా ఉంచితే అందులోంచి ఓ బెంచీ, ఓ టీపాయ్, రెండు పీటలు వస్తాయి. అవి మన తర్వాతి తరం కూడా వాడుకుంటుంది.

కూలిన చెట్ల దుంగలతో చేసే మోటు సామాను మీద ఇప్పుడు చాలామందికి మోజు కలుగుతోంది. చెట్టు అంచు వంపు అలాగే కనిపించే బల్లలు, ఒంటి మొద్దు పీటలు, తోట బెంచీలు. మాకు వడ్రంగం రాదే అని వెనకాడేవాళ్లు చాలామంది. ఈ పనిలో వడ్రంగం పాలు తక్కువ, నీటి లెక్క పాలు ఎక్కువ. చెట్టులో ఉన్న నీరు ఎటునుంచి పోతుందో, ఎంత నిదానంగా పోనివ్వాలో తెలిస్తే సాదాసీదా చేతిపనితో కూడా గట్టి సామాను చేయొచ్చు. అది తెలియకపోతే ఎంత పనితనం ఉన్న వడ్రంగి చేసినా మొదటి వేసవికే పగులుతుంది.

మాను లోపల ఏముందో చూద్దాం. సన్నటి స్ట్రాలను వేల సంఖ్యలో నిలువుగా పట్టి కట్ట కట్టినట్టు ఊహించుకోండి. పచ్చి కలపలో నీరు ఆ గొట్టాల బోలులోనూ ఉంటుంది, వాటి గోడల్లోనూ నానిపోయి ఉంటుంది. చెట్టు పడ్డాక ముందుగా పోయేది బోలులోని నీరు. అది పోతున్నంతకాలం దుంగ బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. ఎండిన కలప బరువుతో పోల్చి లెక్కగడితే, తేమ దాదాపు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కలప కుంచించుకుపోవడం అప్పుడే మొదలు.

అన్ని వైపులా సమానంగా కుంచించుకుపోతే ఏ చిక్కూ లేదు. నిలువుగా దాదాపు ఏమీ తగ్గదు. నడిబొడ్డు నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంట, అంటే చుట్టూరా, దానికి రెండింతల దాకా తగ్గుతుంది. చుట్టుకొలత అంత తగ్గాలంటే లోపలి భాగం కూడా అంతే తగ్గాలి, అది తగ్గదు. అందుకని బెరడు దగ్గర మొదలైన పగులు నేరుగా నడిబొడ్డు దాకా చీల్చుకుపోతుంది. మానును అడ్డంగా కోసిన గుండ్రటి బిళ్లను టీపాయ్‌గా పెట్టుకోవాలని చాలామందికి ఆశ. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మన ఎండల్లో అలాంటి బిళ్ల పగలకుండా ఉండటం అరుదు. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దనే నా సలహా.

ఈ పగులుకు విరుగుడు మన పాత పనివాళ్లకు బాగా తెలుసు. మద్దెల, మృదంగం దుంగ లోపలంతా తొలిచేస్తారు. మోగడానికి ఆ డొల్ల కావాలన్నది ఎలాగూ నిజమే, దాంతోపాటు నడిబొడ్డు పోవడంతో చెక్క చుట్టూరా తగ్గినా చీలకుండా తట్టుకుంటుంది. బొబ్బిలిలో పనస మాను నుంచి చెక్కే ఏకాండి వీణకు కూడా కుండను లోపల పల్చగా తొలుస్తారు. జపాన్ వడ్రంగులది ఇంకో ఉపాయం. నడిబొడ్డు ఉన్న ఇంటి స్తంభానికి గోడవైపు కనిపించని చోట నిలువునా ఒక గాటు ముందే కోసిపెడతారు. పగలాల్సిందేదో ఆ గాటులోనే తెరుచుకుంటుంది, ముందువైపు చెక్కుచెదరదు. ఒంటి మొద్దు పీట చేసుకునేవాళ్లు ఈ రెండింట్లో ఏదో ఒకటి చేయాలి. అడుగు నుంచి నడిబొడ్డును వెడల్పాటి బెజ్జంగా తొలిచేయడం ఒక పద్ధతి. గోడవైపు ఉంచే పక్కన బెరడు నుంచి నడిబొడ్డు దాకా రంపంతో ఒక గాటు పెట్టడం రెండోది.

అన్నిటికంటే ముందు దుంగ న్యాయంగా మీ చేతికి రావాలి. రోడ్డు మీద పడిన చెట్టు పడిన చోట ఉన్నవాళ్లది కాదు, నగర పాలక సంస్థది. కంటోన్మెంటు నేల మీదిదైతే బోర్డుదో సైన్యానిదో. సొంత ఆవరణలోని చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. దుంగను బండిలో తరలించడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ అడుగుతుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. టేకు, గంధం, ఎర్రచందనం లాంటివాటి విషయంలో చాలా గట్టిగా ఉంటారు. మీ ఇంట్లో చెట్టు కూలితే ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, అటవీ శాఖవాళ్లకు తెలియజేసి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని మిల్లుకు వెళ్లండి. అన్నట్టు, ఇలాంటి బల్ల కోసం పచ్చగా నిలబడి ఉన్న చెట్టును కొట్టించడం నాకు మింగుడుపడని సంగతి. కూలినవి, ఎండినవి, రోడ్డు వెడల్పులో ఎలాగూ పోయినవి ఏటా బోలెడు దొరుకుతున్నాయి. వాటికే ఇంకా చోటు చూపించలేకపోతున్నాం.

దుంగ దక్కాక మొదటి రెండు రోజులే కీలకం. కోసిన కొనల నుంచి నీరు పక్కల నుంచి కంటే పదింతల వేగంగా పోతుంది. అందుకే కొనలు ముందు ఎండి నెర్రెలిస్తాయి. ఇంట్లో మిగిలిన ఎనామిల్ పెయింటు గానీ, కరిగించిన మైనం గానీ, చిక్కటి ఫెవికాల్ గానీ రెండు పూతలు కొనలకు దట్టంగా పట్టించాలి. దుంగను ఎండలో ఉంచకూడదు, మట్టికి తగలనివ్వకూడదు. బెరడు ఒలిచేయాలి. బెరడు అందమే అయినా పురుగు గుడ్లు పెట్టేది దాని కిందే. ఎండాక ఎలాగూ విడిపోయి రాలుతుంది.

తర్వాత కోత. వెనకటికి దుంగను ఎత్తున నిలిపి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపంతో పలకలు కోసేవాళ్లు. ఇప్పుడు భోయిగూడ వైపు కలప డిపోలూ కోత మిల్లులూ ఆ పని చేస్తాయి. డిపోవాళ్ల కొలత పద్ధతి తెలిసి ఉంటే మంచిది. దుంగ మధ్యలో టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుంటారు. చుట్టుకొలత 76 అంగుళాలైతే నాలుగో వంతు 19. దాన్ని దానితోనే గుణించి, పొడవు 5 అడుగులతో గుణించి, 144తో భాగిస్తే పన్నెండున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. నిజానికి ఆ దుంగలో దాదాపు 16 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. ఆ తేడా కోతలో పోయే పొట్టు, పక్క చెక్కల కింద వదిలేసేది. అంత దుంగ పచ్చిమీద 350 కిలోల పైమాటే. నలుగురు మనుషులు, రెండు ఇనుప పైపులు లేకుండా దాన్ని కదిలించాలని చూడకండి.

ఊళ్లో చెట్టంటే మిల్లువాళ్లు మొహం తిప్పుకుంటారు. దానికి కారణం మేకులు. ట్యూషన్ బోర్డులు, టు-లెట్ అట్టలు, ఎన్నికల ఫ్లెక్సీలు, కేబుల్ వైర్ల కొక్కేలు అన్నీ చెట్టుకే కొడతాం. చెట్టు ఏటా ఒక పొర పెరుగుతూ వాటిని మింగేస్తుంది. పదేళ్ల తర్వాత బెరడు మీద జాడ కూడా ఉండదు. కొన కోసిన చోట చెక్క మీద నీలి నలుపు చార కనిపిస్తే దాని పొడవునా ఎక్కడో ఇనుము ఉన్నట్టే. చెక్కలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే ఆ రంగు తేలుతుంది. ఒక్క మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి, ముక్క ఎగిరి మనిషికి తగిలినా తగలొచ్చు. చిన్న చేతి మెటల్ డిటెక్టర్‌తో దుంగంతా తడిమి, కూత వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, మేకులు పీకించాక మిల్లుకు తీసుకెళ్తే వాళ్లూ కాదనరు. ఆ నీలి చారలను మాత్రం చెరిపేయాలని చూడకండి. ఆ చెట్టు ఏ వీధిలో బతికిందో బల్ల మీద చెప్పేవి అవే.

కోయించేటప్పుడు నడిబొడ్డు మీదుగా ఒక కోత పడేలా చూడాలి. నడిబొడ్డు చుట్టూ ఉన్న రెండు మూడు అంగుళాల కర్ర ఎలాగూ పగిలేదే, దాన్ని విడిగా తీసేయడం మేలు. మిగతాది రెండు, రెండున్నర అంగుళాల మందాన పలకలు తీయించండి. ఎండేటప్పుడు వంకర పోతే సరిచేసుకోవడానికి ఆ మందం ఉండాలి.

ఏ చెట్టు దేనికి పనికొస్తుంది? సికింద్రాబాద్‌వాసులకు నిద్రగన్నేరు నిజంగా వరం. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ చెట్టు కలప ఎండేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుపోతుంది. హవాయిలో, ఫిలిప్పీన్స్‌లో దీన్ని పచ్చిమీదే గిన్నెలుగా చెక్కుతారు, అయినా పెద్దగా పగలవు. లోపల చాక్లెట్ రంగు చేవ, అంచున తెల్ల చెక్క ఉంటాయి. బల్లకు ఆ రెండు రంగులే అలంకారం. వేప గట్టిది, చేవకు పురుగు తొందరగా పట్టదు, కాకపోతే నార అటూ ఇటూ మెలిపడి చిత్రికకు లొంగదు. చింత మహా గట్టిది, మాంసం కొట్టే మొద్దులు దాంతోనే చేస్తారు. పీటలకు, బెంచీ కాళ్లకు బాగుంటుంది. మామిడి సులభంగా పని చేయించుకుంటుంది గానీ పురుగుకు ఎంతో ఇష్టం. మర్రి మాను కర్ర బలహీనమే అయినా ఊడలు గట్టివి, కాళ్లకు పనికొస్తాయి. నల్లతుమ్మ బండి చక్రాలకు వాడిన కర్ర, ఏ కాలికైనా సరిపోతుంది. తురాయి మాత్రం కూలిన చెట్లలో ఎక్కువగా దొరికినా మెత్తన, పెళుసు. బెంచీకి వాడొద్దు. నీలగిరి దుంగ కోస్తుండగానే చీలుతుంది.

ఇక ఎండబెట్టడం. గాలి ఆడే నీడలో, నేలకు అడుగు ఎత్తున, పలకల మధ్య ఒకే మందం ఉన్న అంగుళం బద్దలు రెండడుగులకొకటి చొప్పున పెట్టి దొంతరగా పేర్చాలి. బద్దలు కింద నుంచి పైదాకా ఒకే వరసలో ఉండాలి, లేకపోతే పలక వంగుతుంది. పైన నాలుగు సిమెంటు ఇటుకలు బరువు పెట్టాలి. అంగుళానికి ఏడాది అనే పాత లెక్క చల్లటి దేశాలది. మన దగ్గర అంతకంటే తొందరగా ఎండుతుంది. నిజానికి మనకు భయం తొందరగా ఎండుతుందనే. ఏప్రిల్, మే నెలల వడగాలి నేరుగా తగిలితే పైపొర ఎండిపోయి, లోపల పచ్చిగా ఉండి చెక్క నెర్రెలిస్తుంది. ఆ రెండు నెలలూ దొంతర చుట్టూ పాత గోనెసంచులు వేలాడదీస్తే చాలు.

ఎండిందో లేదో తేల్చుకోవడానికి మీటరు లేకపోయినా దారి ఉంది. పలక కొన నుంచి కాక మధ్య నుంచి ఒక చిన్న ముక్క కోసి, దాని కొనలకూ పూత వేసి, దొంతరలోనే ఉంచండి. వారానికోసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి గోడ మీద రాయండి. మొదట్లో బరువు గబగబా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మూడు నాలుగు వారాలు అదే అంకె వస్తే ఆ ముక్క మన ఊరి గాలితో సమానమైనట్టు. మందపాటి పలకలకు ఇంకొన్నాళ్లు గడువివ్వాలి.

పురుగు మందు పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాలి. వెలిగారం, బోరిక్ పౌడర్ చెరో అరకిలో పది లీటర్ల వేడినీళ్లలో కరిగించి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, పలక అన్ని వైపులా రెండు మూడు తడవలు పట్టించాలి. తడి కర్రలోకి మందు నీటితోపాటు లోపలికి దిగుతుంది. వానలో నానితే మాత్రం కొట్టుకుపోతుంది, కాబట్టి ఇలాంటి సామానుకు పైన కప్పు తప్పనిసరి. ఎండిన చెక్క మీద సూదిమొన బెజ్జాలు, వాటి కింద గోధుమపిండిలాంటి మెత్తటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం.

ఇలా కోసిన పలకను దాని వంపుతో, పగులుతో సహా గౌరవించి బల్లగా నిలబెట్టిన మనిషిగా లోకం జపాన్ మూలాలున్న అమెరికన్ జార్జ్ నకషిమాను గుర్తుపెట్టుకుంది. ఆయన కథలో హైదరాబాద్‌కు కూడా భాగం ఉందని మనలో చాలామందికి తెలియదు. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతిగృహం ఉంది. 1930ల చివర్లో దాని నిర్మాణానికి అప్పటి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ పేరు అలా వచ్చిందే. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ తరఫున అక్కడి పని చూడటానికి వచ్చిన నకషిమా ఆశ్రమంలో చేరి, ఆ భవనానికి టేకు సామాను కూడా రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న ఎంతోమందితోపాటు ఆయన్నీ ఇడహోలోని నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడే ఓ జపాన్ వడ్రంగి దగ్గర చేతిపని నేర్చుకున్నాడు. తర్వాత పెన్సిల్వేనియాలో ఉండిపోయి, ఇతరులు పనికిరావని పక్కన పడేసిన బుడిపెలు, చీలికలు ఉన్న దుంగల్ని వెతికి తెచ్చి బల్లలు చేశాడు. పగులుకు లప్పం పెట్టి దాచడం ఆయన పద్ధతి కాదు. పగులుకు అడ్డంగా, రెండు చివర్లా వెడల్పుగా, నడుమ సన్నగా ఉండే గట్టి చెక్క బిళ్లను గాడి తీసి దిగ్గొట్టేవాడు. పగులు కనిపిస్తూనే ఉంటుంది, పెరగదు. పగుళ్లలో రంగు ఎపాక్సీ పోసి నది పారుతున్నట్టు చేసే బల్లలు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి. కలప కదులుతుంది, ఎపాక్సీ అంతగా కదలదు. కర్ర సరిగా ఎండకపోతే రెండూ విడిపోతాయి. నాకు చెక్క బిళ్లే నచ్చుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది నాలుగడుగుల బెంచీ. పలక అడుగు నుంచి పైదాకా నాలుగు బెజ్జాలు, కాళ్లు కాస్త బయటికి వాలేలా ఏటవాలుగా తొలవాలి. కాళ్లకు బాగా ఎండిన గట్టి కర్ర తీసుకోవాలి. పలకలో ఇంకాస్త తేమ మిగిలి ఉంటే మరీ మంచిది. పలక ఎండుతూ బిగుసుకుని కాలిని పట్టేస్తుంది. కాలి కొనలో చీలిక పెట్టి, పైనుంచి చెక్క మేకు దిగ్గొట్టి బిగించడం పాత పద్ధతి. ఆ మేకు పలక నారకు అడ్డంగా ఉండాలి. నార వెంట దిగ్గొడితే అక్కడే పలక రెండుగా చీలుతుంది. పీటకైతే మూడు కాళ్లు చాలు, ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. ఇనుప ఫ్రేమ్ మీద బల్ల బిగించాలనుకుంటే స్క్రూ రంధ్రాలను పలక వెడల్పు వైపు కోలగా తొలిపించండి. మే నెల ఎండకూ ఆగస్టు ముసురుకూ మధ్య రెండడుగుల వెడల్పు బల్ల పావు అంగుళం దాకా తగ్గుతుంది, పెరుగుతుంది. ఆ కదలికకు చోటివ్వకపోతే బల్ల తనే చీల్చుకుని చోటు చేసుకుంటుంది.

నునుపు చేయడానికి 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, తర్వాత 220 చాలు. కలప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది, కాబట్టి మాస్కు పెట్టుకునే రుద్దండి. పైన అవిసె నూనె పల్చగా పట్టించి, పావుగంట తర్వాత మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఆ గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డ తనంతట తనే అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.

ఇంకో జాగ్రత్త. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో పాత చెక్క స్లీపర్లతో బెంచీ చేయాలని కొందరికి అనిపించడం సహజం. గట్టి కర్రే. కానీ వాటిలో చాలావాటికి చెదపట్టకుండా తారు నుంచి తీసిన క్రియోసోట్ బాగా ఎక్కించి ఉంటారు. ఆ వాసన, ఆ జిడ్డు ఏళ్లు గడిచినా పోవు, ఒంటికి తగిలితే మంచిది కాదు. ఇంట్లోకి తేవద్దు, పిల్లలు కూర్చునే చోట పెట్టొద్దు, పొయ్యిలో అసలే వేయొద్దు.

కొత్త బెంచీకి మొదటి వేసవిలో ఎక్కడో ఓ సన్నటి నెర్రె కనిపిస్తుంది. వెంటనే లప్పం పూడ్చొద్దు. వానల్లో చెక్క ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది. పెన్సిలుతో నెర్రె చివర ఒక గీత గీసి, పక్కన తేదీ వేసి ఊరుకోండి. ఏడాది తిరిగొచ్చాక నెర్రె ఆ గీత దాటకపోతే అలాగే వదిలేయొచ్చు. దాటి ముందుకు పోతే అప్పుడు ఆ నెర్రెకు అడ్డంగా చింత చేవతో ఒక బిళ్ల చేయించి దిగ్గొట్టించండి.